కోడిగుడ్డుకు ఈకలు

పనిలేని తర్కాలు చేసేవాడిని చూసి “కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నాడు” అంటారు మన వైపు. ఈ వ్యాసంలో నేను చేయబోయేది ఇంచుమించు ఆ పనే. అయితే కోడిగుడ్డు చరిత్ర వ్రాయాలన్నది నా సంకల్పం కాదు. గుడ్డును చూసి మనం ముక్కు మూసుకొన్న చరిత్ర వ్రాయాలని మాత్రమే. ఒక సమాజాన్ని గురించి అది తినే వస్తువుల కంటె తినని వస్తువులే ఎక్కువ చెబుతాయేమోనని నాకు చాలాకాలంగా ఒక అనుమానం. ఆ అనుమానం పుస్తకాలలో పుట్టినది కాదు. ఆళ్ళగడ్డలో మా పెరట్లో పుట్టింది. నంద్యాలలో ఒక మిత్రుని ఇంట స్థిరపడింది.

మా ఇంట్లో గుడ్డు అనే మాట వినబడేది కాదు. తప్పనిసరైతే “అది” అనేవారు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏట విషజ్వరం వచ్చి, తగ్గిన తరువాత కూడా లేచి నిలబడలేకపోతే, వైద్యుడు రోజుకొక గుడ్డు పెట్టమన్నాడు. రెండురోజులు ఇంట్లో మంతనాలు జరిగాయి. చివరకు మా అవ్వే తీర్పు చెప్పింది: “మందుకు మైల లేదు లేరా నాయనా.”

తీర్పు చెప్పడం సులభమే, వండడమే కష్టమయింది. పెరట్లో బావికి అవతల మూడు రాళ్ళు పేర్చి, కొత్త మట్టిచట్టిలో నీళ్ళు పోసి, పక్కింటావిడ కొంగుచాటున తెచ్చి ఇచ్చిన గుడ్డును ఆకుతో పట్టుకొని అందులో జారవిడిచేది అవ్వ. అది ఎంతసేపు ఉడకాలో ఆమెకు తెలియదు. ఒకరిని అడగడం నామోషీ. అందుచేత అరగంట పైగా ఉడికించేది. ఒలిచి చూస్తే తెల్లసొన రబ్బరులా సాగేది. పచ్చసొన చుట్టూ బూడిదరంగు కలిసిన ఆకుపచ్చని వలయం ఉండేది. గంధకపు కంపు. నేను ముక్కు మూసుకొని మింగేవాడిని. అవ్వ అటు తిరిగి నిలబడి “చూసినావా, ఎంత నీచువాసనో” అనేది.

ఆ వాసన గుడ్డుది కాదనీ, ఆ అరగంటదనీ నాకు పదిహేనేళ్ళ తరువాత గాని తెలియలేదు. ఎక్కువసేపు కాగితే తెల్లసొనలోని గంధకం విడివడి వాయువుగా మారుతుంది. అది పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ ఆకుపచ్చ వలయం ఏర్పడుతుంది. పది పన్నెండు నిమిషాలు ఉడికించి, వెంటనే చన్నీళ్ళలో వేస్తే వలయమూ ఉండదు, అంత కంపూ ఉండదు. అంటే మా అవ్వ ఏవగించుకొన్న వాసనను పుట్టించినది ఆమె ఏవగింపే. అసహ్యం వలన అడగలేదు. అడగనందువలన వండడం రాలేదు. వండడం రానందువలన అసహ్యానికి సాక్ష్యం దొరికింది. తెలియని తిండి విషయంలో ప్రపంచమంతటా జరిగే కథ ఇదేనని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

* * *

మన ఆలంకారికులు ఈ భావాన్ని చిన్నచూపు చూడలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయీభావాలలో జుగుప్సను ఒకటిగా చెప్పి, దానినుండి బీభత్సరసం పుడుతుందన్నాడు. రతి, శోకం, ఉత్సాహాల సరసన జుగుప్సకు పీట వేశాడు. ఆధునిక మనస్తత్వశాస్త్రంలో దీనికి పీట పడడానికి చాలాకాలం పట్టింది. 1980లలో అమెరికాలో పాల్ రోజిన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు చేసిన పరీక్షలు ప్రసిద్ధమైనవి. శుభ్రపరచి, క్రిములు లేకుండా చేసిన చచ్చిన బొద్దింకను పండ్లరసంలో ఒకసారి ముంచి తీసి, ఆ రసం త్రాగమంటే మనుషులు త్రాగలేదు. హాని లేదని బుద్ధికి తెలుసు, చేయి మాత్రం ముందుకు పోదు. ఒకసారి తగిలినది ఎప్పటికీ తగిలినట్లే అన్న ఈ భావనను వివరించడానికి వారు పెద్ద సిద్ధాంతమే చేయవలసి వచ్చింది. మనకు మాత్రం “ఎంగిలి”, “మైల”, “అంటు” అన్న మూడు మాటలున్నవి. రోజిన్ చెప్పినది మా అవ్వకు కొత్త కాదు.

ఇక్కడొక చిత్రం. సంస్కృతంలో ద్విజుడంటే రెండుమారులు పుట్టినవాడు. ఉపనయనమైనవాడికి ఆ పేరు. పక్షికీ అదే పేరు, మొదట గుడ్డుగా, తరువాత గుడ్డులోనుంచి పుడుతుంది కనుక. సృష్టి అంతటికీ మనం పెట్టుకొన్న పేరు బ్రహ్మాండం, అంటే బ్రహ్మ గుడ్డు. మాటలలో ఇంత గౌరవం పొందిన వస్తువు మా పెరటి గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది.

శాస్త్రాలైనా ఒక్కమాట మీద లేవు. మనుస్మృతి అయిదవ అధ్యాయం ద్విజులకు ఊరకోడిని, ఊరపందిని, వెల్లుల్లిని, ఉల్లిని, పుట్టగొడుగులను ఒకే వరుసలో నిషేధించింది. ఊరకోడి అన్నది గమనించదగిన మాట. ఊళ్ళో తిరిగి మలినాలు ఏరుకొని తినేదన్న భావం అందులో ఉన్నది. ఆ జాబితాలోని ఉల్లి, వెల్లుల్లి నేడు ఎన్ని ఆచారపు ఇళ్ళలో ఎర్రగడ్డగా, తెల్లగడ్డగా చల్లగా కాపురముంటున్నవో చెప్పనక్కరలేదు. ఒకే వాక్యంలోని నిషేధాలు కొన్ని కరిగిపోయి, కొన్ని గడ్డకట్టుకొని పోవడానికి కారణం శాస్త్రంలో దొరకదు, చరిత్రలో వెదకవలసిందే. మరొకవైపు చరకసంహిత హంస, చకోర, కోడి, నెమలి, పిచ్చుక గుడ్లను క్షీణించినవారికి, దగ్గుతో, హృద్రోగంతో బాధపడేవారికి హితమని చెప్పింది. మందుకు మైల లేదని మా అవ్వ చరకుడిని చదివి అనలేదు. ఆ తీర్పు మాత్రం ఆమె కంటె చాలా పాతది.

గుడ్డును తినకుండా వాడుకొన్న తీరు కూడా గుర్తు చేసుకోవాలి. అద్దంలా మెరిసే మద్రాసు సున్నపు పూతలో తెల్లసొన కలిపేవారు. నాటువైద్యులు ఎముక విరిగినచోట కట్టుకట్టేటప్పుడు సొన పూసేవారు. గోడకు పూసిన గుడ్డును ఆనుకొని కూర్చోవచ్చు, కాలికి పూసిన గుడ్డుతో ఇంట్లో తిరగవచ్చు. నాలుకకు తగిలితేనే తంటా.

* * *

ఇక మన ప్రాంతం సంగతి. కోడిని మొట్టమొదట మచ్చిక చేసినది ఆగ్నేయాసియాలో. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనేచోట దొరికిన ఎముకలు క్రీస్తుపూర్వం 1650-1250 నాటి పెంపుడుకోళ్ళవని 2022లో ప్రకటించిన పరిశోధన చెబుతున్నది. మూలజాతి ఎర్ర అడవికోడి. అయితే పెంపుడుకోళ్ళలో చాలావాటికి ఉండే పసుపుపచ్చని చర్మం, పసుపుపచ్చని కాళ్ళు ఎర్ర అడవికోడివి కావు. అవి బూడిదరంగు అడవికోడినుంచి వచ్చినవని 2008లో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం జన్యువుల ద్వారా నిరూపించింది. ఈ బూడిదరంగు అడవికోడి మన దక్షిణాపథానిది, నల్లమలలో తిరిగే పక్షి. ప్రపంచంలో ఎక్కడ పచ్చకాళ్ళ కోడి కనబడినా దాని వంశవృక్షంలో మన దక్షిణాది అడవుల కొమ్మ ఒకటి ఉన్నదన్నమాట.

ఆ నల్లమల అంచునే, ఆళ్ళగడ్డకు తూర్పున, అహోబిలం ఉన్నది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన కథ మనందరికీ తెలిసినదే. చెంచులు వేటగాళ్ళు. దుంపలు, తేనె, వేటమాంసం వారి ఆహారం. శుద్ధ వైష్ణవ క్షేత్రంలోని దేవుడు ఆ ఇంటి అల్లుడు. ఏటా సంక్రాంతి కనుమనాడు బయలుదేరి, నలభైరోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, తన పెళ్ళికి జనాన్ని పేరంటం పిలుస్తాడు. అదే పారువేట. పల్లకి మా వైపు పల్లెల్లో ఆగినపుడు, మాంసం తినే ఇంటివారూ తినని ఇంటివారూ ఒకే తెల్పు మీద కొబ్బరికాయ కొట్టడం నేను చూచాను. దేవుడు చెంచుగూడెంలో ఏమి తిన్నాడని ఎవరూ అడగరు. ఆ పక్క శ్రీకాళహస్తి కథలో తిన్నడు పెట్టిన మాంసాన్ని శివుడు ఇష్టంగా స్వీకరించాడు, ఏవగించుకొన్నవాడు పూజారి. మన పురాణకథలు ఈ విషయంలో మన వంటిళ్ళ కంటె విశాలమైనవి.

నంద్యాల ప్రభువులు విజయనగరానికి విధేయులు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని అంకితం పొందిన కృష్ణమరాజు ఆ వంశంవాడే. ఆ కాలపు రాజుల తిండిని గురించి పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ 1535 ప్రాంతంలో వ్రాసినది చదివితే ఇప్పటి మన ఊహలు తలకిందులవుతాయి. ఆవును, ఎద్దును తప్ప, మేక, గొర్రె, పంది, జింక, కుందేలు, కౌజు, పావురం మొదలు పిచ్చుకలు, ఎలుకలు, పిల్లులు, బల్లుల దాకా తింటారనీ, ఇవన్నీ విజయనగరం అంగట్లో అమ్ముతారనీ అతడు వ్రాశాడు. విదేశీయుడు కొంత పెంచి వ్రాసి ఉండవచ్చు. తనకు వింతగా తోచినది మరికాస్త గట్టిగా వ్రాయడం బాటసారుల లక్షణం. కాని తెలుగు కావ్యాలకు స్వర్ణయుగమని మనం చెప్పుకొనే రోజులలో, ఆ అంగట్లో కోడిగుడ్డు ఒక తలదించుకోవలసిన వస్తువు అయి ఉండదని మాత్రం నమ్మవచ్చు.

తెలియని తిండికి ముఖం చిట్లించడంలో మన కవిసార్వభౌముడిని మించినవాడు లేడు. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు తిరగేయండి. పల్నాటి జొన్నకూటిని చూచి ఆయన పడిన బాధ, ద్రావిడ విందులో మొట్టమొదటనే వడ్డించిన మిరియాలచారుకు ఆయన పెట్టిన గగ్గోలు మనకు నవ్వు తెప్పిస్తాయి. నేనూ నవ్వాను, బడిలో. ఇంటికి వచ్చి జొన్నరొట్టె తుంచుకొంటున్నపుడు నవ్వు ఆగిపోయింది. కవి వెక్కిరించినది మా పొద్దుటి తిండిని. సన్నబియ్యం తిన్నవాడికి జొన్న నోటికి పోకపోవడం తప్పు కాదు. అది పద్యమై, పద్యం పాఠమై, జొన్న తినేవాడి పిల్లలే దానికి నవ్వడం నేర్చుకోవడమే విచారించవలసిన సంగతి.

* * *

ఏవగింపు సుఖంగా ఉన్నవాడి విలాసమని అనుకొందామా? అంత సులభంగా తేలదు.

1866లో కరువు వచ్చినపుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. మా వైపు ఆయనమీద పాటలు కట్టి పాడుకొన్నారు. పదేళ్ళకు, 1876-78లో, అంతకంటె పెద్ద కరువు, ధాత కరువు, వచ్చింది. మద్రాసు రాజధానిలో అందరికంటె ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871లో 9 లక్షల 14 వేలున్న జిల్లా జనాభా 1881 నాటికి 6 లక్షల 78 వేలకు పడిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. చచ్చినవారు, వలసపోయినవారు, పుట్టవలసి పుట్టనివారు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. పనిచేసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని రిచర్డ్ టెంపుల్ అంటే, చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు.

ఆ రోజుల నివేదికలలో మరొక విషయం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ధర్మశాలలలో వండిన అన్నం పెడితే, ఎవరు వండారో, పక్కన ఎవరు కూర్చొన్నారో అన్న సంకోచంతో తినడానికి రానివారు ఎందరో ఉన్నారు. అడవిలోని ఆకులు, దుంపలు పీకి తిన్నారు గాని ఆ పంక్తిలో కూర్చోలేదు. 1880 నాటి కరువు విచారణ సంఘం ముందు కూడా ఇది పెద్ద ప్రశ్న అయింది. వండిన అన్నం పెట్టాలా, గింజలో డబ్బో చేతికివ్వాలా? నిజంగా అవసరమున్నవాడే వచ్చి తింటాడు కనుక వండిన అన్నం ఒక పరీక్ష అని కొందరు అధికారులు భావించారు. అంటే మనిషి ఏవగింపును ఆకలికి కొలబద్దగా వాడారన్నమాట. తినరానివాడు ఆకలి లేనివాడని తేల్చారు. ఏవగింపు ప్రాణం మీదికి వచ్చినా వదలదని వారికి తోచలేదు. నాకు మాత్రం, అరటాకుతో గుడ్డును పట్టుకొన్న మా అవ్వ చేయి ఎందుకు వణికిందో ఆ పుటలు చదివినపుడే అర్థమయింది. ఆమెది అహంకారం కాదు. ఆమెకు ముందు పది తరాలవారు ఆమె చేతిని వెనక్కి లాగుతున్నారు.

ఇంకొకటి గమనించండి. ఆ పంక్తిలో కూర్చోనివారు అన్నాన్ని అసహ్యించుకోలేదు. అన్నం పరిచితమైనదే. అపరిచితుడు పక్కనున్న మనిషి.

* * *

ఇరవయ్యవ శతాబ్దంలో గుడ్డు కథ మలుపు తిరిగింది. గాంధీగారు లండనులో చదువుకొన్న రోజులలో కొద్దికాలం తప్ప గుడ్డు ముట్టలేదు. అయినా 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి ఆరోగ్యాన్ని గురించి వ్రాసిన చిన్న పుస్తకంలో ఆయన తర్కం వేరుగా నడిచింది. పుంజు ప్రమేయం లేకుండా పెట్టే గుడ్డులో జీవం ఉండదు, పిల్ల పుట్టదు, కనుక పాలు త్రాగేవాడు అటువంటి గుడ్డును కాదనడానికి కారణం లేదని ఆయన అభిప్రాయం. నేడు అంగట్లో దొరికే ఫారం గుడ్లన్నీ ఆ తరగతివే.

చట్టం ఆ తర్కాన్ని అంగీకరించలేదు. 2000లో సవరించిన ఆహార కల్తీ నిరోధక నిబంధనలు గుడ్డును మాంసాహారంలో చేర్చి, పాలను మినహాయించాయి. పొట్లాలమీది పచ్చచుక్క, గోధుమరంగు చుక్క అప్పటినుంచి వచ్చినవే. రెండూ ప్రాణిశరీరంలోనుంచి వచ్చినవే అయినా ఒకటి ఈ గట్టున, ఒకటి ఆ గట్టున. తూర్పుకనుమల్లోని కొన్ని గిరిజన సమాజాలవారు పాలు పిండడమే తప్పనీ, అవి దూడవనీ భావించేవారు. వారి కళ్ళతో చూస్తే మన కాఫీ కూడా జుగుప్సాకరమే. బ్రిటనులో జనం కోడిని, కుందేలును, పెద్దబాతును తినడం తప్పుగా భావిస్తారని రెండువేల ఏళ్ళ క్రితం జూలియస్ సీజర్ వ్రాశాడు. ఆ బ్రిటనువారి సంతతే తరువాత మనకు ఆమ్లెట్టు అన్న మాట తెచ్చిపెట్టింది.

1950-51లో దేశం మొత్తం మీద 183 కోట్ల గుడ్లు, తలకు ఏడాదికి అయిదు. 1971లో బండా వాసుదేవరావు హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించడం, ఆయన పూనికతోనే 1982లో రైతులే ధర నిర్ణయించుకొనే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడడం ఈ పరిశ్రమను మార్చివేశాయి. (గుడ్లు పొదిగే సంస్థకు ఏడుకొండలవాడి పేరు పెట్టడం తెలుగువాడికి తప్ప మరొకరికి తోచదు.) 2022-23 నాటికి ఉత్పత్తి 13,838 కోట్లు, తలకు 101. అందులో అయిదోవంతు ఒక్క ఆంధ్రప్రదేశ్‌దే, రాష్ట్రాలలో మొదటి స్థానం. పోషకాహార నిపుణులు చెప్పే లెక్క ఏడాదికి 180. ఇంకా చాలా దూరం ఉన్నది.

ఆ దూరం ఎవరిది? బడిపిల్లలది. సుప్రీంకోర్టు 2001 నవంబరు ఆదేశం తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడులలో వండిన మధ్యాహ్నభోజనం మొదలయింది. వంటవారి నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం చెప్పింది. 1877లో కరువు శిబిరాల ముందు నిలిచిన ప్రశ్నే నూటపాతికేళ్ళ తరువాత బడి వంటశాల ముందు మళ్ళీ నిలిచింది. ఎవరు వండారు? పక్కన ఎవరు? దేశంలో చాలాచోట్ల పిల్లలను పంక్తిలోనుంచి లేపి తీసుకుపోయిన తల్లిదండ్రులున్నారు. ఆకలిగొన్న పిల్లలు మాత్రం పెద్దల కంటె త్వరగా సర్దుకొన్నారు.

2020 జనవరిలో మన రాష్ట్రం వంటల పట్టికను మార్చినపుడు వారానికి అయిదు గుడ్లు చేర్చారు. 2021 డిసెంబరులో మన పొరుగునే, రాయచూరు, బళ్ళారి వైపు కర్ణాటక జిల్లాలలో బడిపిల్లలకు గుడ్డు పెట్టడం మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అభ్యంతరం చెప్పారు. తినని పిల్లలకు అరటిపండు ఉన్నది. అయినా పక్కపిల్లవాడు తినడమే వారికి ఇబ్బంది. అప్పుడు కొందరు బడిపిల్లలే తమకు గుడ్డు కావాలని బహిరంగంగా మాట్లాడారు. మరుసటి ఏడాది ఆ పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది.

2024లో మన రాష్ట్రపు పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో, ఆచారపరుల ఇంటి ఇల్లాలు. వేళకాని వేళ వచ్చినవారికి కూడా కులగోత్రాలు అడగకుండా వండి పెట్టిన తల్లి. ఆమె తన పొయ్యిమీద ఎన్నడైనా గుడ్డు ఉడికించి ఉంటుందని నేననుకోను. ఈనాడు ఆమె పేరుమీద లక్షల కంచాలలో గుడ్డు పడుతున్నది. ఇందులో ఆమెకు అపచారం జరిగిందని కొందరికి తోచవచ్చు. నాకలా తోచదు. తాను తినేది ఇతరులకు పెట్టడం ఒక ఔదార్యం. ఎదుటివాడి ఆకలికి ఏది కావాలో అది పెట్టడం మరొక మెట్టు. ఆమె పేరు ఆ పై మెట్టుకు తగినదే.

* * *

ఇంతవరకు ఇతరుల ఏవగింపులను ఏకరువు పెట్టాను. నా సంగతి కూడా చెప్పకపోతే గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్లుంటుంది.

విదేశంలో ఒక చైనా సహోద్యోగి ఇంట భోజనానికి కూర్చొన్నాను. పళ్ళెంలో నల్లని గుడ్డుముక్కలు వచ్చాయి. సున్నం, ఉప్పు, బూడిద, తేయాకు కలిపిన పూతలో వారాల తరబడి ఊరిన గుడ్డు. తెల్లసొన గోధుమరంగు జిగురులా, పచ్చసొన నల్లని ఆకుపచ్చగా ఉన్నది. అంతవరకు మా అవ్వ కథ చెప్పి అందరినీ నవ్వించినవాడిని, నా కడుపు తిరిగింది. తాంబూలంలో సున్నం నమిలే జాతివాడిని, సున్నంలో ఊరిన గుడ్డును చూచి నీళ్ళగ్లాసు అందుకొన్నాను. 2011లో ఒక అమెరికా వార్తాసంస్థ ఈ గుడ్డును ప్రపంచంలోని అసహ్యమైన వంటకాల జాబితాకు ఎక్కించి, చైనావారి నిరసనతో క్షమాపణ చెప్పుకొన్నది. నేను చెప్పలేదు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం, భాష రాకపోయినా నా ముఖం చదివి, ఆ పళ్ళెం తీసి లోపల పెట్టింది. అచ్చంగా మా అవ్వలా నేను అటు తిరిగి కూర్చొన్నాను.

ఇప్పుడు నంద్యాల సంగతి. కాలేజీ రోజులలో ఒక మిత్రుని ఇంటికి మధ్యాహ్నం వెళ్ళాను. వాళ్ళమ్మ గుడ్డు పులుసు చేసింది. గుడ్లు పది నిమిషాలు ఉడికించి, చన్నీళ్ళలో వేసి ఒలిచి, నాలుగు గాట్లు పెట్టి, నూనెలో పసుపుతో కాస్త ఎర్రగా వేయించి, ఎర్రగడ్డలు మగ్గిన చింతపండు పులుసులో దింపింది. పక్కన రాగిసంగటి. నా జీవితంలో మొదటిసారి గుడ్డు మందు కాలేదు, తిండి అయింది. రెండోమారు అడిగి వేయించుకొన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. “తిను నాయనా, ఇంగోటి వేసుకో” అన్నది.

మిత్రుడు, వాళ్ళ నాయన కంచాలలో తింటున్నారు. నా ముందు మాత్రం విస్తరాకు ఉన్నది. నాకది మర్యాదగా తోచింది. తిరిగి వచ్చేటపుడు దారిలో మిత్రుడు మెల్లగా అన్నాడు: “మా కంచంలో తింటావో తినవో అని మాయమ్మ పొద్దున్నే ఆకు తెప్పిచ్చిందిలే ప్పా. నువ్వు ఏమన్నా అడుగుతావేమో అనుకొన్నా.”

నేను ఏమీ అడగలేదు. ఆకు చూచినపుడు నా గుండెలో ఎక్కడో ఒక చిన్న నిశ్చింత కలిగిన మాట నిజం. గుడ్డు విషయంలో నా జుగుప్స ఒక్క పూటలో, ఒక మంచి పులుసుతో పోయింది. కంచం విషయంలో ఉన్నదని కూడా నాకు తెలియదు. తెలియజేసినవాడు నొచ్చుకొంటూ, నన్ను నొప్పించకుండా తెలియజేశాడు.

తరువాత చాలా ఏళ్ళకు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె పెద్దదయింది. పులుసు వాసన గుమ్మందాకా వచ్చింది. అలవాటుగా ఆకు కోసం లేవబోతుంటే, “అమ్మా, కంచం పెట్టు” అన్నాను. మిత్రుడు తల వంచుకొని నవ్వాడు. ఆమె ఒక్క క్షణం నావైపు చూచి, గూట్లోంచి స్టీలు కంచం తీసి, కడిగినదే అయినా మళ్ళీ ఒకసారి కడిగి తెచ్చింది.

ఆ రెండవ కడుగు చూచినపుడు నాకు అన్నం వెంటనే దిగలేదు.